మా నాన్న అడిగిన వాసన

పోయిన చలికాలంలో మా స్కూల్లో హిందీ చెప్పే టీచరమ్మ ఎల్‌టీసీ మీద కుటుంబంతో అండమాన్ వెళ్ళొచ్చింది. రాగానే స్టాఫ్‌రూమ్‌లో తలా ఒక సబ్బు పంచింది. ఊరెళ్ళొచ్చి ఏమీ పంచని మనిషిని మా స్టీల్ ప్లాంటు ఊరు భిలాయిలో అంత తేలిగ్గా వదలరు. తిరుపతి వెళ్తే లడ్డూ, పూరీ వెళ్తే ఖాజా, అండమాన్ వెళ్తే గవ్వలో సబ్బులో. గవ్వలు షోకేసులో దుమ్ము పట్టడానికి తప్ప దేనికీ పనికిరావు కాబట్టి, సబ్బు తెచ్చినందుకు ఆమెను మనసులోనే మెచ్చుకున్నాను.

“సమందర్ కీ ఖుష్బూ హై, దీదీ,” అంటూ నా చేతిలో పెట్టింది. సముద్రం ఇలాంటి వాసన వేస్తే మా శ్రీకాకుళం వైపు జాలర్లంతా ఈపాటికి అత్తరు దుకాణాలు పెట్టుకునేవాళ్ళని నాలుక చివరిదాకా వచ్చింది. నాకు ముక్కు మీద కోపం ఎంతో, నోట్లో వెటకారమూ అంతే. ఊరికే ఇచ్చిన మనిషిని అనకూడదని మింగేశాను.

సబ్బుకి చుట్టిన కాగితం మీద తెల్ల రేకులు, మధ్యలో పసుపు ఉన్న పువ్వు బొమ్మ. దేవగన్నేరు. ముక్కు దగ్గర పెట్టుకోగానే గుర్తుపట్టాను. మా నాన్న రిటైరయ్యే ముందు, ఆఖరి ఎల్‌టీసీ మీద అమ్మా ఆయనా విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వెళ్ళినప్పుడు అమ్మ సంచి నిండా తెచ్చింది ఈ సబ్బులే. నేనప్పుడు రాయపూర్‌లో హాస్టల్లో ఉండి బీఎడ్ చదువుతున్నాను. సెలవులకి ఇంటికొస్తే మా ఇళ్ళ లైన్లో ఏ ఆంటీ పక్కన నిలబడినా ఇదే వాసన. పంచగా మిగిలినవి అమ్మ చీరల మధ్య దాచి, ఒక్కొక్కటే బయటికి తీసి, అరిగిపోయిన ముక్కని కొత్తదాని వీపుకి అంటించి ఏళ్ళ తరబడి వాడింది. పాపం, అమ్మకి ఆ వాసన ఎంత ఇష్టమో అనుకునేదాన్ని.

ఈ సబ్బు నా చేతికి రావడానికి ముందు వానాకాలంలో నాన్న చనిపోయారు. అప్పట్నుంచి అమ్మ సెక్టర్ 4లో మా క్వార్టర్లోనే ఉంటోంది. నేను స్కూలుకీ మా ఆయన డ్యూటీకీ వెళ్ళిపోతే పగలంతా ఒక్కతే.

ఇక్కడ మా నాన్న ముక్కు గురించి చెప్పాలి. ఆయనకి వాసన తెలియదు. చిన్నతనంలో ఏదో పెద్ద జ్వరం వచ్చి తగ్గిందట, దానితో పాటు వాసన కూడా వెళ్ళిపోయిందట. పెళ్ళయి అమ్మ క్యాంప్ 1లో వాళ్ళ రెండు గదుల ఇంటికి వచ్చిన కొత్తలో, టిఫిన్ డబ్బాలో పాడైపోయిన పప్పు తెలియక తినేసి, నాన్న షిఫ్టు మధ్యలోనే కడుపు పట్టుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి ఆయన తినే ప్రతిదీ ముందు అమ్మ ముక్కు దగ్గర పాసవ్వాలి. అలా పనిగా మొదలైంది, తరవాత వాళ్ళిద్దరి కబురైపోయింది.

“ఏటి వాసనొస్తంది?” అని ఆయన అడగడం, అమ్మ చెప్పడం. మల్లెపువ్వులా ఉంది అంటే వాసనే తెలియని మనిషికి ఏం అర్థమవుతుంది? అందుకని అమ్మ ఆయన ఒంటికి తెలిసిన వాటితో చెప్పేది. భిలాయి ఎండలకి మాడి మాడి, తొలి వాన పడగానే నాన్న గుమ్మంలో నిలబడి అడిగితే, “ఎండనపడొచ్చి కుండనీల్లు గొంతులో పోసుకున్నట్టుంది,” అనేది. కొత్తిమీర కట్ట విప్పితే, చన్నీళ్ళతో మొహం కడుక్కున్నట్టు. పక్కింట్లో ఎండుచేపలు వేగుతుంటే, “ఎవుడో మీ కాలు తొక్కి, తియ్యకుండా అలగే నిలబడ్డట్టు.” నందిని గనుల్లో కొన్నాళ్ళు పనిచేసినప్పుడు నాన్న సున్నపురాయి దుమ్ము కొట్టుకున్న తన చొక్కాని తనే తెచ్చి అమ్మ ముందు పెట్టేవారు. “నాలిక మీద సుద్దముక్క రాసినట్టుంది, పట్టుకుపొండి అవతలికి,” అని విసుక్కునేది. విసుక్కున్నా చెప్పకుండా మాత్రం ఉండేది కాదు. నేను ఆ మాటల మధ్య పెరిగాను. ఇప్పటికీ ఎండుచేపల వాసన వస్తే చటుక్కున కాలు వెనక్కి తీసుకుంటాను.

నాన్న పోయాక అమ్మ వాసనల ఊసు ఎత్తడం మానేసింది. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఇల్లంతా దుఃఖంలో ఉన్నప్పుడు పోపు వాసన గురించి ఎవరు మాట్లాడతారు? కానీ ఒక ఆదివారం నేను వెనక బట్టలు ఆరేస్తుంటే వంటింట్లోంచి కమురు వాసన వచ్చింది. పరుగెత్తి వెళ్తే గిన్నెలో పాలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. అమ్మ ఆ పక్కనే పీట మీద కూర్చుని ఎర్రతోటకూర వలుస్తోంది.

“వాసన రాలేదా అమ్మా?” అన్నాను స్టవ్ ఆపుతూ.

“వచ్చింది,” అంది.

అంతే. మళ్ళీ కూర వలుచుకుంటూ ఉండిపోయింది. నాకు కోపం రావాలి, రాలేదు, భయం వేసింది. వాసన తెలియక ఊరుకుంటే అదొక జబ్బు, డాక్టరుకి చూపిస్తాం. తెలిసి కూడా చెప్పాలనిపించక ఊరుకుంటే ఎవరికి చూపించాలి? ఇవాళ పాలు మాడుతుంటే పట్టనిది, రేపు ఇంకేది పట్టకుండా పోతుంది? అన్నమా, నిద్రా, మేమా? మా అమ్మ మళ్ళీ ఏదో ఒక వాసన గురించి నోరు విప్పాలి. ఆ రోజు నుంచి నాకు కావలసింది అదొక్కటే.

అందుకే ఆ సబ్బు చేతికి రాగానే దేవుడే పంపించాడనుకున్నాను. స్కూలు వదలగానే స్కూటర్ మీద ఎగురుకుంటూ వచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. కాగితం మీంచే వాసన చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత కిటికీ గట్టు మీద, చెయ్యి కాలినంత తొందరగా పెట్టేసింది.

“నాకెందుకే ఇది. నువ్వు రుద్దుకో.”

“నీకిష్టమని తెచ్చానమ్మా.”

“నాకుంది కదా సబ్బు.”

ఆమెకున్నది నాన్న డిపార్ట్‌మెంట్‌లో నెల నెలా ఇచ్చిన ఎర్ర సబ్బు. నాన్న వాడగా మిగిలినవి అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఆసుపత్రి వరండా కడిగినట్టు ఉండే వాసన. నాన్న పోయినప్పట్నుంచి అమ్మ దానితోనే స్నానం చేస్తోంది. సంక్షేమం కోసం ప్లాంటు ఇచ్చిందే కావచ్చు గానీ, మా అమ్మ ఒంటి మీద ఆ వాసన నాకు సయించదు.

వారం రోజులు పోరాను. బతిమాలాను, అలిగాను, ఒకసారి గొంతు కూడా పెంచాను. “ఊరుకోవే,” తప్ప ఆవిడ నోట్లోంచి ఇంకేమీ రాలేదు. అప్పుడు నా బుర్రకి తోచింది. ఇది దేవగన్నేరు సబ్బు, అంటే పువ్వు వాసన. కర్మ రోజున ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని అమ్మ తల్లోంచి పూలు తీశారు కదా. పువ్వు ముట్టుకోకూడదు కాబట్టి పువ్వు వాసన కూడా కూడదని ఈవిడ మనసులో పెట్టుకుంది. అలా తోచగానే నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆ పూలు తీసిన చెయ్యి మా మేనత్తది. నాన్నకి అక్క. మా ఇళ్ళలో ఏది కూడుతుంది, ఏది కూడదు అన్నదానికి ఆవిడ మాటే చివరి మాట. ఆవిడ చేత చెప్పిస్తే తప్ప అమ్మ వినదని, సబ్బు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఆవిడ ఉండే క్యాంప్ 1కి బయల్దేరాను.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆచారాలు ఎవరి కోసం, ఆడదాని ఒంటి మీద ఎవరి పెత్తనం, ఇరవై రకాలుగా. సందులోకి తిరిగేసరికి నా ఉపన్యాసం ఎంత బాగా తయారైందంటే, సభ లేదే అని బాధ కూడా వేసింది.

అత్త గుమ్మం ముందు నల్లా దగ్గర ఉంది. అప్పుడే నీళ్ళు వదిలినట్టున్నారు.

“అత్తా, నీతో మాట్లాడాలి.”

“నల్లా కట్టీసినాక మాట్లాడు. ముందా డబ్బా ఇలగియ్యి.”

డబ్బాలు అందించాను, బిందెలు లోపలికి మోశాను, డ్రమ్ము నింపాను. నీళ్ళు ఆగిపోయేసరికి నా చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి, ఉపన్యాసం సగం మర్చిపోయాను. అత్త చేతులు తుడుచుకుని, “ఇప్పుడు సెప్పు, ఏటి?” అంది. సబ్బు తీసి ఆవిడ ముందు పెట్టాను.

“అమ్మ దీన్ని ముట్టుకోవడం లేదు. పూల వాసన వేస్తుందని. మీరంతా కలిసి పూలు తీయించారు, ఇప్పుడు సబ్బు కూడా వదిలేసింది. సబ్బు పువ్వవుతుందా అత్తా? నువ్వే చెప్పు.”

అత్త సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని బాగా పీల్చింది. తిప్పి చూసింది. మళ్ళీ పీల్చింది.

“పువ్వంతే తల్లో ముడుసుకునీది,” అంది తీరిగ్గా. “సబ్బు ఒల్లు రుద్దుకుని కడిగీసుకునీది. కడిగీసింది ఎక్కడికెల్తాది? మురుగు నాలీలోకి. నాలీలోకెల్లిపోయింది పువ్వెలాగవుతాదే?”

నేను పోట్లాడటానికి వెళ్ళాను గానీ, పోట్లాడటానికి అక్కడేమీ మిగల్లేదు. పైగా ఆవిడ నా చెయ్యి పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. గూట్లో గులాబీ రంగు సబ్బు, గదంతా గుప్పుమంటోంది.

“మీ మావ పోయిన కాడ్నుంచి నాను వాసన సబ్బే రుద్దుకుంతన్నాను. ఎవుడొచ్చి నా మెడ వాసన సూసినాడు?” అంది. “పూలు తియ్యడమంతే అందరి ముందరా సెయ్యాల కాబట్టి సేసినాను. మీ అమ్మని ఎర్ర సబ్బుతో తోముకోమని నాను సెప్పనేదు. పద, నాను సెప్తాను దానికి.”

స్కూటర్ వెనక కూర్చుని, ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో సబ్బు పట్టుకుని వచ్చింది. ఇంత తేలిక పనికి వారం రోజులు అమ్మతో గొడవ పడ్డానే అని నాకు నవ్వొచ్చింది. దారిలో మార్కెట్ దగ్గర ఆగి జిలేబీ కూడా కొన్నాను.

అమ్మ వదినగారిని చూసి గబగబా లేచి టీ పెట్టింది. అత్త టీ సాసర్లో పోసుకుని, సబ్బు పక్కన పెట్టుకుని, తీర్పు చెప్పింది. పువ్వు, సబ్బు, నాలీ, మొత్తం వరసగా. అమ్మ అంతా విని, చెంగుతో మూతి తుడుచుకుంది.

“పువ్వని నానన్నానేటి వదినా?” అంది. నా వైపు తిరిగింది. “నీకెవులు సెప్పినారే?”

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను, నేనే కోప్పడ్డాను, నేనే క్యాంప్ 1 దాకా వెళ్ళొచ్చాను. జిలేబీ పొట్లం చేత్తో పట్టుకుని నిలబడిపోయాను.

“మరెందుకే ముట్టుకోవు?” అంది అత్త.

అమ్మ నేల వైపు చూస్తూ మొదలుపెట్టింది.

అండమాన్‌లో వాళ్ళు దిగిన గెస్ట్‌హౌస్ నుంచి సముద్రం ఒడ్డుకి నడిచే దారిలో ఒక దేవగన్నేరు చెట్టు ఉండేదట. పొద్దున్నే వెళ్తే కింద ఇసక మీద పూలు తెల్లగా రాలి ఉండేవట. మొదటి రోజే నాన్న ఒక పువ్వు ఏరి అమ్మ అరచేతిలో పెట్టి, ఏం వాసన అని అడిగారు. అమ్మకి ఠక్కున ఏదో ఒకటి తోచడం అలవాటు. ఆ పువ్వుకి ఏదీ తోచలేదు.

“లేత కొబ్బరినీల్లని సెప్దారనుకున్నాను. కాదు. నూనె రాసి తల దువ్వుతున్నట్టు అనుకున్నాను. అదీ సగమే. ఆగండి, సెప్తాను అన్నాను. రోజూ ఆ సెట్టుకాడికి రాగానే అడిగీవోరు. రోజూ ఆగండి అనీదాన్ని. తిరిగొచ్చీ రోజు దాకా కుదరనేదు. బజార్ల ఈ సబ్బు కనపడినాది. వాసన మర్సిపోతే మరింకెప్పుడు సెప్తానని కొనీసినాను. కొన్నాక లైన్ల అందరికీ ఇయ్యాల కదా, ఇచ్చినాను.”

ఇంటికొచ్చాక కూడా నాన్న వదల్లేదు. అమ్మ స్నానం చేసి బయటికి రాగానే, పేపరు చదువుతూనో బూట్లు తుడుచుకుంటూనో, “కుదిరిందేటి?” అని అడిగేవారు. “ఇంకా నేదు,” అనేది. అదొక ఆటైపోయింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ మధ్యలో దూరి, భయ్యా, ఇది మహువా, అంటే సారా కాచే ఇప్పపువ్వులా ఉంటుందని చెప్పిందట. మహువా అయితే తల తిరగాలి, ఇది తిరగదు, ఆవిడ మాట నమ్మకండి అని అమ్మ కొట్టిపారేసిందట. అలా ఒక్కో సబ్బూ అరిగిపోయింది. నాన్న అడుగుతూనే ఉన్నారు. అమ్మ వెతుకుతూనే ఉంది.

“ఆఖరి సబ్బు ఆయన ఆసుపత్రిల ఉన్నప్పుడే అయిపోయింది. అక్కడ కూడా అడిగినారు,” అంది అమ్మ. “ఇప్పుడు ఇది రుద్దుకుని బయటికొస్తే అడిగీవోలు ఎవులు? కుదిరినా ఎవులికి సెప్పాల? పాలు మాడితే మాడినాయని ఎవులికి సెప్పాల?”

మా అమ్మకి ఆ వాసన ఇష్టమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆవిడ ఇష్టం వాసన మీద కాదు.

సాసర్లో టీ చల్లారిపోయింది. అత్త సాసర్ కింద పెట్టి, మెల్లిగా మాట్లాడింది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు తెలియదు.

“ఆడు జొరమొచ్చి లెగిసినాక, కంచం ముందర కూకుని మా అమ్మనడిగినాడు. పులుసు వాసన ఎందుకు రాటం నేదని. చిన్న గుంటడు. అమ్మేటి సెప్తాది? ఏడిసింది. నన్నడిగినాడు. నాకూ తెల్దు. మరి ఎవుల్నీ అడగడం మానీసినాడు. నువ్వొచ్చినాకే ఆడికి మల్లీ అడగాలనిపించినాది.” అత్త సబ్బు తీసి అమ్మ ముందు పెట్టింది. “ఆడడిగిన దానికి సగంల ఆపీకు. ఆడున్నాడా నేడా అన్నది ఆడి సంగతి. సెప్పడం నీ సంగతి.”

అమ్మ సబ్బు వైపు చూస్తూ కూర్చుంది. నేను కాగితం విప్పబోయాను. అత్త కళ్ళతోనే ఆపింది. కొంతసేపయ్యాక అమ్మే లేచింది. సబ్బు తీసుకుంది, దండెం మీంచి తువ్వాలు లాక్కుంది, స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. బకెట్లో నీళ్ళు నిండే చప్పుడు, తరవాత మగ్గు చప్పుడు. మధ్యలో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను కంగారుపడి లేవబోతే అత్త మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తలుపు సందులోంచి దేవగన్నేరు వాసన గదిలోకి వచ్చింది. ఇద్దరం పీల్చాం.

“నువ్వేటంతావే, దేనిలాగుంది?” అంది అత్త గుసగుసగా.

నేను ఆలోచించాను. నిజంగానే కష్టం. చన్నీళ్ళు కాదు, ఎండ కాదు, తీపీ కాదు. “తెలీట్లేదత్తా,” అన్నాను.

“నాకూ తెలీటం నేదు,” అంది.

గడియ తీసిన చప్పుడైంది. అమ్మ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహంలో మాత్రం, ఏదో వస్తువు ఇల్లంతా వెతికి వెతికి చేతిలోకి తీసుకున్న మనిషి తేటదనం ఉంది.

“ఫస్టు షిఫ్టుకని తెల్లారగట్ల గాబరాగా మెలకువొచ్చీసి, కాల్లు కింద పెట్టబోయి, ఇయాల ఆఫ్ అని గుర్తొచ్చి, మల్లీ దుప్పటి లాక్కుంతాం సూడు,” అంది. “అలగుంది.”

అత్త తలొంచుకుంది. షిఫ్టు డ్యూటీ నేనెప్పుడూ చెయ్యలేదు. అయినా నాకు తెలిసింది. నాన్నకి తెలియకపోవడమేమిటి? ఏళ్ళ తరబడి ఆ షిఫ్టుకే మంచం మీంచి లేచిన మనిషి.

“అండమాన్ల ఉన్నన్నాల్లూ అలగే లెగిసీవోలం,” అంది అమ్మ. “ఇట్టే తెలిసిపోయీది ఆయనికి.”

నేను దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అమ్మ నన్ను చూడటం లేదు. అదే మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా, పక్క గదిలో ఉన్న మనిషికి వినపడేటట్టు.